గోదారి నడుమ తెరుచుకున్న తాళం

ఇవాళ మీరు కొవ్వూరులో రైలెక్కి, ఒక కునుకు తీసి రాజమండ్రిలో లేస్తున్నారు. కింద గోదావరి ఉందన్న సంగతి మీలో చాలామందికి పట్టదు. మహా అయితే కిటికీలోంచి ఓ దణ్ణం పెడతారు. మా కాలంలో వంతెన లేదు. రైలు ఈ ఒడ్డున ఆగిపోయేది, ఆ ఒడ్డున ఇంకో రైలు కాచుకుని ఉండేది. జనం, పెట్టెలు, పరుపుచుట్టలు, ఊరగాయ జాడీలు అన్నీ రేవులో దిగి, నది దాటి, మళ్లీ రైలెక్కాలి. ఆ దాటించే పని ఒక కంపెనీ చూసేది. నేను అందులో గుమాస్తాను. పేరుకే గుమాస్తాను, రేవులో అందరూ నన్ను 'పట్టీల బాబు' అనేవారు.

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను పుట్టు పిరికివాణ్ణి. నీళ్లంటే భయం, పోలీసులంటే భయం, పై అధికారి గొంతు సవరించుకుంటే భయం. ఇలాంటివాడికి దేవుడు గోదావరి మీద ఉద్యోగం ఎందుకు ఇచ్చాడో ఆయన్నే అడగాలి. మిషన్ బడిలో నాకు చదువు చెప్పిన పాస్టరుగారు సిఫారసు చేస్తే దొరికిన ఉద్యోగం. మానేస్తే ఇంట్లో అమ్మకి ఏం చెప్పను?

రేవులో ముందు ఒక పొగ పడవ నడిచేది. డబ్బున్నవాళ్లు, తొందర ఉన్నవాళ్లు అందులో ఎక్కేవారు. దాని వెనక మోకుతో కట్టిన పెద్ద నావలో మిగతా జనం, అందరి సామానూ వచ్చేది. సామాను మీద ఎండా వానా పడకుండా నావలో తాటాకు గూడు వేసి ఉండేది. ఆ గూట్లోనే దొంగతనాలు జరిగేవి. ఇటు తాడు కట్టి ఎక్కించిన పెట్టె అటు దిగేసరికి తాడు తెగి, బరువు తగ్గి ఉండేది. ప్రయాణికులు రేవులో నిలబడి శాపనార్థాలు పెట్టేవారు.

అప్పుడు మా మేనేజరుగారు ఒక ఉపాయం చేశారు. నావ అడుగున ఈ కొస నుంచి ఆ కొసదాకా ఒక లావుపాటి ఇనపకడ్డీ బిగించారు. పెట్టెకొక తోలుపట్టీ చేయించారు. కత్తికి తెగకుండా తోలు లోపల ఇనప తీగ పెట్టి కుట్టించారు. పట్టీని పెట్టె చుట్టూ తిప్పి, కడ్డీ కిందుగా లాగి, రెండు కొసలూ ఇత్తడి తాళంలో పెట్టి నొక్కితే టక్కున పడేది. వెయ్యడానికి తాళంచెవి అక్కర్లేదు, తియ్యడానికే కావాలి. ఆ తాళంచెవులు నాకు ఇవ్వలేదు. రాజమండ్రి రేవులో ఇంకో గుమాస్తా దగ్గర పెట్టారు. వేసేవాడు ఈ ఒడ్డున, తీసేవాడు ఆ ఒడ్డున. పట్టీల లెక్క అప్పజెప్పడానికి నేనూ నావలోనే వెళ్లేవాణ్ణి గాని, నా చేతిలో చెవి ఉండదు. నావ నది మీద ఉన్నంతసేపూ ఆ తాళం తీసే మొనగాడు నావలో ఉండడన్నమాట. ఈ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా మేనేజరుగారు మీసం దువ్వుకునేవారు.

కొన్నాళ్లు దొంగతనాలు ఆగాయి. ఆ తరవాత మళ్లీ మొదలయ్యాయి. అయితే ఈసారి వచ్చినవి వేరే రకం. పట్టీ పట్టీలాగే ఉండేది, తాళం తాళంలాగే ఉండేది, పెట్టెలో వస్తువు మాత్రం ఉండేది కాదు. వెనకటి దొంగతనాలకు కోపం వచ్చేది. వీటికి ఒళ్లు జలదరించేది. నావ నడిపే సరంగు ఓ రోజు నా చెవిలో, "ఇది మడిసి పని కాదండి బాబూ. గోదారమ్మకి ఏదో అపచారం జరిగింది" అన్నాడు. పట్టిసీమ వీరభద్రుడికి కొబ్బరికాయ కూడా కొట్టి వచ్చాడు.

మేనేజరుగారు దేవుళ్ల దాకా వెళ్లలేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చారు. "తాళం వేసేది నువ్వు. వేస్తున్నట్టు నటిస్తున్నావో, దొంగచెవి చేయించావో నాకు తెలీదు. ఇంకొక్క ఫిర్యాదు వస్తే నిన్ను ఠాణాకి అప్పజెబుతాను" అన్నారు. ఠాణాలో చెయ్యని నేరం కూడా ఎలా ఒప్పిస్తారో అప్పట్లో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించేది కాదు. ఎవరైనా 'దొంగ' అంటే చాలు, గుమ్మడికాయల సామెతలో లాగా నా చెయ్యి నా భుజం మీదికి పోయేది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం చెప్పినవాడు ఒక్కడే, నావలో పనిచేసే కళాసీ. నలభై దాటిన మనిషి. నవ్వితే మొహమంతా నవ్వేవాడు. ఎర్రనీరు వచ్చే రోజుల్లో వాళ్లావిడ పులస పులుసు పెడితే, చిన్న ముంతలో నాకు తెచ్చిచ్చేవాడు. నేను నావ అంచు పట్టుకుని కళ్లు మూసుకుంటే పక్కన కూర్చుని, "బయపడకండి పట్టీల బాబుగారూ. నేనుండగా గోదారి మిమ్మల్నేం సెయ్యదండి, ఆయ్" అనేవాడు. మేనేజరుగారి బెదిరింపు సంగతి చెబితే వాడి నవ్వు కాస్త తగ్గింది. "మీలాంటోర్ని ఠాణాకెందుకంపుతారండీ. ఊరికే అంటారు" అన్నాడు. ఆ మాటకి నా గుండె కుదుటపడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేనెంత?

ఆ ఎండాకాలంలో పోయిన వస్తువుల్లో ఒకటి నన్ను బాగా బాధపెట్టింది. పట్టిసీమ దగ్గర పల్లెనుంచి ఒక ఇల్లాలు, పెద్దింటి మనిషి, అన్నవరం వెళుతూ మా నావ ఎక్కింది. కొడుకు పసితనంలోనే పోయాడు. వాడి వెండి మొలతాడు సత్యనారాయణస్వామికి సమర్పించుకుంటానని మొక్కుకుందట. ఆ ఒడ్డున తాళం తీసి చూస్తే మొలతాడు లేదు. ఆవిడ అరవలేదు, శపించలేదు. పెట్టెలో బట్టలన్నీ ఒక్కొక్కటే దులిపి, మళ్లీ మడిచి, మళ్లీ దులిపి చూసింది. తరవాత నావైపు తిరిగి, "వాడిదని చెప్పుకోడానికి ఉన్నది అదే నాయనా" అంది. ఆ గొంతు ఎన్నో రోజులు నన్ను వెంటాడింది.

ఆవిడే వానాకాలంలో మళ్లీ వచ్చింది.

గోదావరికి అప్పుడే ఎర్రనీరు పడింది. నది నది రంగులో లేదు, పొంగి పరవళ్లు తొక్కుతోంది. పైనుంచి చెట్లు కొట్టుకొస్తున్నాయి. ఆ రోజు నావ కదపకూడదని సరంగు అన్నాడు. అటు రైలు కాచుకుని ఉందని మేనేజరుగారు అన్నారు. ఎవరి మాట నెగ్గిందో చెప్పక్కర్లేదు. నేను మనసులో ప్రార్థన మొదలుపెట్టి, చేత్తో పట్టీలు వెయ్యడం మొదలుపెట్టాను.

ఆవిడ భర్త అటు రైల్లో చోటు పట్టడానికి పొగ పడవలో ముందు ఎక్కేశాడు. మగవాళ్లు చోటు కోసం పరిగెత్తడం, ఆడవాళ్లు సామాను దగ్గర కూర్చోవడం అప్పటి పద్ధతి. నేను పట్టీ పట్టుకుని దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ముట్టుకోకు నాయనా. మడిబట్టలున్న పెట్టె. పట్టీ నేనే చుట్టుకుంటాను, నువ్వు తాళం నొక్కు చాలు."

నాకిది కొత్త కాదు. మడి పెట్టెలు తెచ్చేవాళ్లు రోజూ ఎవరో ఒకరు ఉండేవారు. పట్టీ నేల మీద పెట్టి ఇవతలికి జరిగేవాణ్ణి. వాళ్లు చుట్టుకుని కొసలు రెండూ బయటికి పెడితే, పెట్టెకు చెయ్యి తగలకుండా తాళం నొక్కేవాణ్ణి. ఆ రోజూ అలాగే జరిగింది. చీరకుచ్చెళ్లు పెట్టె పక్కన పరుచుకుని ఆవిడ వంగి పట్టీ చుట్టుకుంది. కొసలు బయటికి వచ్చాయి. టక్.

నది మధ్యకు వచ్చేసరికి గాలి లేచింది. ముందు పొగ పడవ గింజుకుంటోంది. వెనక మా నావ మోకు చివర పక్కలకి ఊగుతోంది. నేను అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. ఫెళ్లుమన్న శబ్దం వచ్చింది. కళ్లు తెరిచేసరికి మోకు తెగి నీళ్ల మీద పాములా పోతోంది. పొగ పడవ దూరమైపోతోంది. మా నావ అడ్డం తిరిగి, వరదతో పాటు కిందికి పరిగెత్తి, ఒక ఇసకమేట మీదికి ఎక్కి ఒక పక్కకి ఒరిగిపోయింది.

ఆ అరుపులు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నాయి. "గోదారమ్మా! తల్లీ!" అని కొందరు, "ప్రభువా!" అని నేను. ఒరిగిన వైపు చెక్క విడిచి నావలోకి నీళ్లు వస్తున్నాయి. సరంగు మేట అంచుకి దూకి, నడుం లోతు నీళ్లలో నిలబడి, జనాన్ని ఒక్కొక్కరినే దించమని కళాసీలకు కేకలు వేస్తున్నాడు. పిల్లల్ని, ముసలివాళ్లని భుజాల మీద దించారు. అందరూ దిగుతున్నారు గాని ఆవిడ లేవడం లేదు. తాటాకు గూట్లో, పల్లపు వైపు, పెట్టె పక్కనే కూర్చుని ఉంది. నీళ్లు ఒళ్లోకి వచ్చేశాయి.

"లేవండమ్మా! పెట్టె ఎక్కడికీ పోదు, లేవండి!" అని అరిచాను.

ఆవిడ మొహం తెల్లగా పాలిపోయి ఉంది. "లేవలేను నాయనా. కాలు..." అంటూ కుచ్చెళ్లు పైకి తీసింది.

ఆవిడ కాలికి పాతకాలపు లావు వెండి కడియం. పెళ్లినాడు కంసాలి బిగించినది, మళ్లీ కంసాలే కోసి తియ్యాలి. పట్టీని పెట్టె చుట్టూ తిప్పి, కడ్డీ కిందుగా లాగి, ఆ కడియంలోంచి దూర్చి తెచ్చింది. ఈసారి పెట్టె ముట్టుకుంటే తనకి తెలియాలని. పెట్టెలో కొడుకు ఉగ్గుగిన్నె ఉంది. మొలతాడు పోయింది కదా, మొక్కుకు ఇక మిగిలింది అది. నేను నా చేత్తో ఆ తాళం నొక్కాను.

తాళంచెవి ఆ ఒడ్డున ఉంది.

ఒక కళాసీ కత్తి తీసి పట్టీ కొయ్యబోయాడు. తోలు తెగింది, లోపలి తీగ తెగలేదు. ఇంకొకడు పెట్టె పగలగొడదామన్నాడు. పగిలితే మాత్రం ఏం లాభం? పట్టీ కడ్డీని పట్టుకునే ఉంటుంది, కడ్డీ నావను పట్టుకునే ఉంటుంది. గొడ్డలి పొగ పడవలో ఉంది. నేను నీళ్లలోకి దిగి కడియం పట్టుకుని లాగాను. మడి సంగతి నాకూ గుర్తులేదు, ఆవిడకీ గుర్తులేదు. "లాగు నాయనా, కాలు విరిగినా ఫరవాలేదు, లాగు" అంటోంది. చర్మం లేచి రక్తం వచ్చింది గాని కడియం రాలేదు. నీళ్లు ఆవిడ నడుం దాటాయి. నావ ఇంకా ఒరుగుతోంది. దొంగ కోసం మేం కట్టిన బోను అంత గట్టిది. అందులో పడింది ఈవిడ.

అప్పుడు తలెత్తి చూశాను. నా మిత్రుడు, ఆ నవ్వుమొహం కళాసీ, గూటి గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోదావరిలో పుట్టి పెరిగిన మనిషి వణుకుతున్నాడు. నీళ్లకేసి చూడటం లేదు. నాకేసి, సరంగుకేసి, తోటి కళాసీలకేసి చూస్తున్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

"ఏంట్రా అలా నిలబడ్డావ్! వచ్చి పట్టు!" అని అరిచాడు సరంగు.

వాడు మొలలోంచి ఒక సన్నటి ఇనప పుల్ల తీశాడు. కొస వంచి ఉంది. నీళ్లలో కూర్చుని, ఆవిడ మొహంలోకి చూడకుండా, తాళం చేతిలోకి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను ఇంకో మారు ఊపిరి పీల్చుకునేలోగా తాళం తెరుచుకుంది.

నావలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి అర్థమైంది. ఆ తాళం నది మధ్యలో తియ్యగలిగేవాడు ఒక్కడే ఉండాలి. వాడు ఎవడో ఇన్నాళ్లూ తెలియలేదు. వాడు ఆవిణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకుని మేట మీదికి దిగాడు. నా పులస పులుసు స్నేహితుడు.

మేట మీద మోకాళ్ల లోతు నీళ్లలో ఒకళ్లనొకళ్లు పట్టుకుని, పొగ పడవ తిరిగి వచ్చేదాకా నిలబడ్డాం. నీళ్లు పెరుగుతాయేమోనని నేను కాళ్లకేసి చూసుకుంటున్నాను. నా పక్కనే ఆవిడ, ఆవిడ పక్కన వాడు. ఆవిడ ఎవరికీ వినపడకుండా ఒకటే అడిగింది.

"మా వాడి మొలతాడు ఉందా, కరిగించేశావా?"

వాడు తల వంచుకున్నాడు.

రాజమండ్రి రేవుకు చేరేసరికి, పొగ పడవలో ముందే దాటిన మేనేజరుగారు ఒడ్డునే ఉన్నారు. మర్నాడు వరద తగ్గాక నావను లాక్కొచ్చారు. తడిసి ముద్దయినా పెట్టెలన్నీ కడ్డీకే ఉన్నాయి, మా పట్టీల పుణ్యమా అని. ఒక్క పట్టీ మాత్రం తెరుచుకుని వేలాడుతోంది. మేనేజరుగారు దాన్ని చేత్తో పట్టుకుని మమ్మల్నందర్నీ ఒడ్డున నిలబెట్టారు. పెట్టె కోసం వచ్చిన ఆవిడా, ఆవిడ భర్తా కూడా ఉన్నారు.

"తాళంచెవి ఇక్కడుంది. తాళం ఎలా తెరుచుకుంది?"

సరంగు నేల చూపులు చూశాడు. కళాసీలు నీళ్లు నమిలారు. నా స్నేహితుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, తీసుకెళ్లడానికి సిద్ధంగా ఉన్నవాడిలా. ముందుగా మాట్లాడింది ఆవిడ.

"అసలు తాళం పడలేదండి. మడి పెట్టె అని నేనే దగ్గరికి రానివ్వలేదు."

మేనేజరుగారు నావైపు తిరిగారు. "నువ్వు చెప్పు. తాళం వేశావా, లేదా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. వేశానంటే దొంగ దొరుకుతాడు, ఇన్నాళ్ల నిందా నా నెత్తిమీంచి దిగిపోతుంది. వెయ్యలేదంటే నా ఉద్యోగం పోతుంది, బహుశా నన్ను ఠాణాకి కూడా పంపిస్తారు. మీరు నన్నేదో ధర్మరాజును చేస్తారేమో, వద్దు. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ కాలు కనిపించింది. కడియం చుట్టూ గుడ్డ కట్టి ఉంది, గుడ్డకు రక్తం అంటి ఉంది. రేపు వాణ్ణి కొట్టి చంపితే ఆవిడ రెండు కళ్లూ నన్ను చూస్తాయని భయం వేసింది. ఠాణా భయం కన్నా అది పెద్దదని ఆ క్షణంలో తెలిసింది.

"వెయ్యలేదండి" అన్నాను.

ఆయన నా చేతిలోని పట్టీల కట్ట లాక్కున్నారు. ఠాణాకి పంపలేదు. తాళం వెయ్యడం చేతకాని దద్దమ్మకి దొంగతనం కూడా చేతకాదన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ తీపిగానే ఉంది. ఆ తరవాత నేను వంతెన కట్టే పనిలో చేరి, రాళ్లు మోసే పడవలకు కాపలా ఉన్నాను. ఆ కథ వేరు.

ఆ సాయంత్రం కొవ్వూరులో నా గదికి వెళ్లి సామాను సర్దుకోవడం మొదలుపెట్టాను. నాకో రేకుపెట్టె ఉండేది. పట్టీల బాబు పెట్టెకు పట్టీ లేకపోతే ఎలా అని, దానికీ ఒక పట్టీ, అలాంటి తాళమే వేసుకున్నాను. దాని తాళంచెవి, ఇంకే తాళానికీ పట్టనిది, నా మెళ్లో శిలువతో పాటు ఉండేది. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీసి చూస్తే, మడిచిన చొక్కాల మధ్య ఒక వెండి మొలతాడు ఉంది.

చన్నీళ్లు నెత్తిన పోసినట్టయింది. తలుపు గడియ పెట్టాను. అది నా దగ్గర దొరికితే ఇక నా మాట ఎవరు నమ్ముతారు? గోదావరిలో పారేద్దామని కిటికీ దాకా వెళ్లి వచ్చాను. కళాసీ కోసం రేవుకు పరిగెత్తాను. వాడు పెళ్లాన్ని తీసుకుని ఎటో వెళ్లిపోయాడన్నారు. మళ్లీ ఎవ్వరికీ కనపడలేదు.

ఆవిడ అన్నవరం నుంచి తిరిగి వచ్చిందని తెలిశాక, మొలతాడు మొలలో దోపుకుని, పైన పంచె బిగించి, ఆ పల్లెకు నడిచి వెళ్లాను. దారిలో కనపడిన ప్రతి తలపాగా నాకు పోలీసు తలపాగాలాగే కనపడింది. ఆవిడ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. కాలు ఇంకా తగ్గలేదు. మొలతాడు అరుగు మీద పెట్టి దూరంగా జరిగాను.

ఆవిడ గబుక్కున అందుకుంది. మొహం వెలిగింది. ఒక్కొక్క మువ్వే వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటినుంచి తడిమింది. మెల్లగా ఆ వెలుగు పోయింది.

"ఇది మా వాడిది కాదు నాయనా" అంది. "మా వాడు పళ్లొస్తున్నప్పుడు ఒక మువ్వ కొరికి సొట్ట పెట్టాడు. దీనికి అన్నీ బాగానే ఉన్నాయి."

వాడు ఇవ్వాలనే ఇచ్చాడు. ఏ తల్లిది ఏదో వాడికే గుర్తులేదు.

"మీ దగ్గరే ఉంచుకోండమ్మా" అన్నాను. ఇంతకన్నా తెలివైన మాట నాకు తోచలేదు.

"ఇంకో బిడ్డది నాకెందుకు బాబూ? ఆ తల్లి కూడా నాలాగే బట్టలు దులుపుకుంటూ ఉంటుంది. నువ్వు రేవు మనిషివి. ఎప్పుడైనా కనపడితే ఇవ్వు" అని నా వైపు చాపింది. ఈసారి అరుగు మీద పెట్టలేదు. నా చేతిలోనే పెట్టింది.

రేవులో నాకిక పని లేకపోయినా చాలాకాలం వెళుతూనే ఉన్నాను. పసిబిడ్డ పోయిన తల్లి అని అనుమానం వస్తే, ఎలా అడగాలో తెలియక వెనకాలే నడిచి, ఇద్దరి ముగ్గురి చేత చివాట్లు తిన్నాను. ఎవరూ దొరకలేదు. ఈలోగా వంతెన మీద రైలు నడిచింది, రేవు మూతపడింది. నాకు పెద్దవాడు పుట్టినప్పుడు మా ఆవిడ పెట్టెలో అది చూసి, "మెరుగు పెట్టించి వాడికి కడదామండీ" అంది. వద్దని కసిరాను. ఎందుకో చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

మొలతాడు ఇప్పటికీ ఆ రేకుపెట్టెలోనే ఉంది. పెట్టెకు పట్టీ తీసేశాను. తాళం వెయ్యను. పిల్లలు ఇల్లంతా తాళాలు వేసుకుని పడుకుంటారు, వేసుకోనీ. ఆ టక్ మన్న చప్పుడు వినపడితే మాత్రం నేను ఉలిక్కిపడి లేచి, తాళంచెవి ఈ ఒడ్డునే ఉందా అని అడుగుతాను.